ఒకే ఒక్క ప్రతి

కంప్యూటర్‌లో పోయినా బెంగ పెట్టుకోనక్కర్లేనిది ఏదైనా ఉందంటే అది ఆపరేటింగ్ సిస్టమ్. అది లేకపోతే యంత్రం లేవనైనా లేవదు. అయినా తిరిగి తెచ్చుకోవడానికి అంత తేలికైనది మరొకటి లేదు. పక్కింటి అబ్బాయి పెన్‌డ్రైవ్‌లో ఉంటుంది, ఊళ్ళో రిపేరు షాపులో ఉంటుంది, ఇంటర్నెట్‌లో ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుంది. హార్డ్ డిస్కు చెడిపోయినప్పుడు జనం 'సిస్టమ్ పోయింది' అని బాధపడతారు గానీ, పోయేది సిస్టమ్ కాదు. ఆ డిస్కు మీద తప్ప ఈ భూమ్మీద ఇంకెక్కడా లేనిదేదో, అది పోతుంది.

బాపు, అంటే మా నాన్న, ల్యాప్‌టాప్ డిస్కు చెడిపోయినప్పటి నుంచి నా మనసులో ఇదే తిరుగుతోంది.

బాపు నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. సర్వీసంతా చెరువు కట్టల మీద నడిచిన మనిషి. 2015లో మిషన్ కాకతీయ పనులు మొదలై ఊరూరా పూడిక తీస్తున్నప్పుడు, తెలంగాణ రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులు, కుంటలు లెక్కకొచ్చాయని పేపర్లో చదివి, ఆ లెక్కలో తనకు తెలిసినవాటి గురించి రాసి పెట్టాలనుకున్నాడు. ఆయకట్టు ఎన్ని ఎకరాలో, కట్ట పొడుగెంతో సర్కారు కాగితాల్లో ఉంటుంది. ఏ కుంట మత్తడి దూకితే నీళ్ళు ఎటు పోతాయో, ఏ తూము ఎవరి పొలం ముందు తెరుచుకుంటుందో, నీరటి పని ఏ ఇంటివాళ్ళు చేశారో, ఏ కాలంలో కట్ట తెగితే ఎవరు జనాన్ని కూడేసి మట్టి పోయించారో కాగితాల్లో ఉండదు. అది బాపుకు తెలుసు, ఆయన ఈడువాళ్ళు ఇంకొందరికి తెలుసు. ఒక్కో చెరువు గురించి ఒకటి రెండు పేజీలు, తోచినప్పుడల్లా టైపు చేస్తూ పోయాడు. అదంతా ఆ డిస్కు మీదే ఉంది.

ల్యాప్‌టాప్‌లలో ఉండే పాత రకం హార్డ్ డిస్కు అరచేతిలో ఇమిడిపోతుంది. లోపల నున్నటి పళ్ళాలు ఒకటో రెండో ఉంటాయి, పైన అయస్కాంత పూత. బాపు ల్యాప్‌టాప్‌లోది నిమిషానికి 5,400 చుట్లు తిరిగేది, అంటే సెకనుకు 90. చదివే హెడ్ పళ్ళేనికి ఆనదు, ఆ వేగానికి పుట్టిన గాలిపొర మీద తేలుతుంది. హెడ్‌కీ పళ్ళేనికీ నడుమ ఎడం కొద్దిపాటి నానోమీటర్లు. మనిషి తల వెంట్రుక మందమే పదుల వేల నానోమీటర్లు ఉంటుంది కాబట్టి, అంత ఎడంలో ఏళ్ళ తరబడి ఏమీ తగలకుండా తిరిగిందంటేనే నాకు ఆ వస్తువు మీద గౌరవం కలుగుతుంది. 1956లో ఐబీఎమ్ తెచ్చిన మొదటి హార్డ్ డిస్కు బరువు టన్ను పైమాటే. 24 అంగుళాల పళ్ళాలు 50 పెడితే, అందులో పట్టింది 50 లక్షల అక్షరాలు. బాపు రాసిన చెరువుల కథంతా ఆ మొదటి డిస్కులోనే పట్టేది.

ఈ డిస్కులకు ఒక గుణం ఉంది. రాత నిలవుండే చిన్న గదుల్లో, అంటే సెక్టార్లలో, ఒకటి చెడితే గుట్టుచప్పుడు కాకుండా దాన్ని పక్కకు పెట్టి, విడిగా ఉంచుకున్న గదుల్లో ఒకటి దానికి బదులు వాడుకుంటాయి. ఇలా ఎన్ని మార్చిందో డిస్కే లోపల లెక్క రాసుకుంటుంది. స్మార్ట్ అనే ఆ పద్దు తెరిచి చూసేవాళ్ళు తక్కువ. అందుకే వాడేవాళ్ళకు అంతా బాగున్నట్టే ఉండి, ఒకనాడు పొద్దున ల్యాప్‌టాప్ తెరిస్తే నల్లటి తెర, లోపలి నుంచి టిక్ టిక్‌మని చప్పుడు. పళ్ళెం మీద తన జాడ తెలుసుకోవడానికి హెడ్ గుర్తుల కోసం వెతుకుతుంది, అందకపోతే వెనక్కి తన గూటికి పోయి మళ్ళీ వస్తుంది. ఆ పోవడం రావడమే ఆ చప్పుడు.

అప్పుడు చేయకూడనివి కొన్నున్నాయి. మళ్ళీ మళ్ళీ ఆన్ చేసి చూడకూడదు. చెడిన డిస్కు మీదే కొత్త సిస్టమ్ ఎక్కించే ప్రయత్నం అసలు చేయకూడదు. రిపేరుకు పోయిన చోట 'ఫార్మాట్ కొట్టి చూద్దాం' అంటే వద్దనాలి. ఆ డిస్కులో మిగిలిన ఊపిరిని ఒక్క పనికే వాడాలి: ఉన్నది ఉన్నట్టు ఇంకో డిస్కు మీదకు తీసుకోవడానికి. దుమ్ము లేని గదుల్లో డిస్కు విప్పి హెడ్ మార్చి చదివే ల్యాబులు ఉన్నాయి, వాటికయ్యే ఖర్చు వేలల్లో, పదుల వేలల్లో ఉంటుంది. హెడ్ బొత్తిగా పనిచేయనప్పుడు వేరే దారి లేదు. మా డిస్కు తడబడుతూనైనా చదువుతోంది కాబట్టి నేనే చూద్దామనుకున్నాను.

దీనికి జీఎన్‌యూ డీడీరెస్క్యూ అని ఒక ప్రోగ్రామ్ ఉంది. పెన్‌డ్రైవ్ నుంచి లైనక్స్ నడిపి, చెడిన డిస్కును ఒక పక్క, మంచి డిస్కును ఒక పక్క తగిలించి దాన్ని నడపాలి. మామూలుగా కాపీ చేస్తే చెడిన గది తగిలిన చోటల్లా ఆగి, అక్కడే తల బాదుకుంటుంది. ఇది అలా చేయదు. చెడు తగలగానే దాటి ముందుకు పోయి, తేలిగ్గా వచ్చేదంతా ముందు తెచ్చుకుంటుంది. ఆ తర్వాత వెనక్కి వచ్చి, దాటేసిన చోట్ల అంచులు చూసి, చివరికి ఒక్కో గదినీ విడివిడిగా అడుగుతుంది. కోత అయ్యాక పొలంలో దిగి పరిగె ఏరినట్టు. ఎక్కడెక్కడ ఏం వచ్చిందో, ఏం రాలేదో మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది కాబట్టి, మధ్యలో ఆపి, డిస్కు చల్లారాక మళ్ళీ ఆ చోటు నుంచే సాగించవచ్చు. తెర మీద రక్షించినది ఎంత, తప్పులు ఎన్ని అని అంకెలు మారుతుంటాయి. మొదట గబగబా పెరిగి, నూటికి తొంభై తొమ్మిది దాటాక ఇక కదలనట్టే ఉంటాయి. బాపు పక్కన కుర్చీ వేసుకుని ఆ అంకెలనే చూస్తూ కూర్చున్నాడు. వరద నాడు తూము దగ్గర నీటిమట్టం చూసిన అలవాటు ఆయనకు.

ఆ పని అలా సాగుతుండగా సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ల బజారుకు పోయి కొత్త ఎస్‌ఎస్‌డీ తెచ్చాను. అందులో పళ్ళాలూ హెడ్‌లూ ఉండవు, తిరిగేదేమీ లేదు. పాతదాని చోటనే, అవే స్క్రూలతో కూర్చుంటుంది. ల్యాప్‌టాప్ పాతది, విండోస్ 11 అడిగే ప్రాసెసర్ అందులో లేదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మద్దతు ఆపేసింది. యంత్రం బాగానే ఉండగా దాన్ని పారేయడం నాకు నచ్చదు. అందుకని డెబియన్ అనే లైనక్స్ వేద్దామని బాపుతో చెప్పాను. "తెలుగు వస్తదా అండ్ల?" అని అడిగాడు. అదొక్కటే ఆయన షరతు.

డెబియన్‌ను 1993లో ఇయాన్ మర్డాక్ అనే యువకుడు మొదలుపెట్టాడు. ఏ కంపెనీ సొత్తూ కాదు, లోకమంతా ఉన్న స్వచ్ఛంద కార్యకర్తలు కూర్చి పెడుతున్నారు. దాని నకళ్ళు దేశదేశాల్లో విశ్వవిద్యాలయాల, సంస్థల సర్వర్లలో ఉంటాయి. ఎవరు ఎక్కడి నుంచి తెచ్చుకున్నా ఒక్కటే. ఒక్కటే అని ఊరికే అనడం లేదు. తెచ్చుకున్న ఫైలును ఒక సూత్రం గుండా పంపితే 64 అక్షరాల గుర్తు వస్తుంది, అది వాళ్ళు ప్రకటించిన గుర్తుతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. కొన్ని వందల కోట్ల బిట్లలో ఒక్క బిట్ తారుమారైనా గుర్తు మొత్తం మారిపోతుంది. ఇది చూసుకున్నప్పుడల్లా నాకు మన లేఖకులు గుర్తొస్తారు. తాటాకు మీద గంటంతో నకలు చేసిన ప్రతి మనిషీ ఎక్కడో ఒక అక్షరం తప్పాడు, లేదా తనకు తోచినట్టు దిద్దాడు. రెండు ప్రతులు ఒకేలా ఉన్నాయని తేల్చడానికి వాళ్ళ దగ్గర కళ్ళు తప్ప ఇంకేమీ లేవు. అయినా ఆ చేతుల మీదుగానే నన్నయ మనదాకా వచ్చాడు.

డెబియన్ ఎక్కించేటప్పుడు ముందుగా ఏ భాషలో మాట్లాడాలని అడుగుతుంది. ఆ జాబితాలో తెలుగు ఉంది, కానీ బొమ్మల తెర ఉన్న ఇన్‌స్టాలర్‌లోనే. ఉత్త అక్షరాల తెర మీద మన గుణింతాలనూ వత్తులనూ కూర్చలేరు. తెలుగు ఎంచుకోగానే ప్రశ్నలన్నీ తెలుగులోకి మారాయి. అవన్నీ ఎవరో కూర్చుని, పైసా ఆశించకుండా ఒక్కో వాక్యం తెలుగు చేసినవి. మౌస్ బాపు చేతికిచ్చేశాను. అద్దాలు సవరించుకుని ఒక్కో ప్రశ్నా పైకి చదివి జవాబిచ్చాడు. ప్రాంతం, కాలం, సంకేతపదం. డిస్కును ఎలా విభజించాలో అడిగినచోట ఆగి నావైపు చూశాడు, అది నేను చేశాను. కంప్యూటర్‌కు పేరు పెట్టమంది. అక్కడ ఇంగ్లిషు అక్షరాలే తీసుకుంటుంది కాబట్టి, ఆ అక్షరాల్లోనే 'పెద్దచెరువు' అని కొట్టాడు. కాసేపట్లో సిస్టమ్ వచ్చేసింది.

కొత్తగా వేసిన సిస్టమ్ ఎవరిదీ కాదు. తెర మీది బొమ్మ ఎవరిదో, బుక్‌మార్కులు లేవు, ప్రింటర్ తెలియదు, వైఫై సంకేతపదం తెలియదు. అన్నిటికంటే ముందు దాని చేత తెలుగు రాయించాలి. బాపుది ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు. ఎడమ చేతి కింద అచ్చులు, గుణింతాలు. కుడి చేతి కింద హల్లులు. 1991 నాటి భారతీయ ప్రమాణంలోనే ఈ అమరిక ఉంది, అందుకే విండోస్ మారినా, లైనక్స్ వచ్చినా, ఆయన వేళ్ళు కొత్తగా ఏమీ నేర్చుకోవాల్సిన పని పడలేదు. కీబోర్డుల జాబితాలో తెలుగును చేర్చి, ఖాళీ పేజీ తెరిచి ఇచ్చాను. 'తూము' అని కొట్టాడు. వచ్చింది. 'మత్తడి' కొట్టాడు. తకారం కింద వత్తు సరిగ్గా కూర్చుంది. 'శిఖం' కొట్టి, సున్నా చూసి తలూపాడు.

ఫాంట్‌ల కోసం 'తెలుగు విజయం' అనే పొట్లం ఉంది డెబియన్‌లో. సిలికానాంధ్ర వాళ్ళ పూనికతో తయారై, అందరికీ ఉచితంగా వదిలిన ఫాంట్‌లు అవి. అది వేశాక లిబ్రేఆఫీస్‌లో ఫాంట్‌ల వరుస దించితే ధూర్జటి, పెద్దన, తిమ్మన, సూరన్న, తెనాలి రామకృష్ణ, గురజాడ, గిడుగు వరసగా కనిపిస్తారు. బాపు చాలాసేపు ఆ వరుసనే పైకీ కిందికీ జరుపుతూ ఉండిపోయాడు. చివరికి రాయడానికి గిడుగు ఎంచుకున్నాడు.

ఇదంతా తేలిగ్గా జరిగిపోయిందని చెప్పడానికే ఇంత వివరంగా రాశాను. సిస్టమ్, భాష, కీబోర్డు, ఫాంట్‌లు అన్నీ ఒక పూటలో తిరిగి వచ్చాయి. ఎవరెవరో చేసి, దాచుకోకుండా నలుగురిలో పెట్టినవి కాబట్టి వచ్చాయి. అసలు కష్టం తర్వాత మొదలైంది.

పాత డిస్కు నుంచి వచ్చిన నకలును తెరిచాం. ఫోటోలు దాదాపు అన్నీ ఉన్నాయి. అక్క పెళ్ళి వీడియో ఉంది. పెన్షన్ కాగితాల స్కాన్‌లు ఉన్నాయి. చెరువుల ఫైలు పేరు కూడా ఉంది, సైజు కూడా సరిగ్గా చూపిస్తోంది, తెరవబోతే మాత్రం తెరుచుకోదు. రాలేని గదుల్లో కొన్ని సరిగ్గా ఆ ఫైలు మీద పడ్డాయి. ఇప్పటి డాక్యుమెంట్ ఫైలు నిజానికి ఒక జిప్ మూట. రాసిన వాక్యాలను కుదించి, నొక్కి, లోపల పెడతారు. కుదింపులో ప్రతి ముక్కా తన ముందు వచ్చినదాని మీద ఆధారపడుతుంది. అందువల్ల నడుమ 4,096 బైట్ల గది ఒక్కటి ఖాళీ అయినా, దాని తర్వాత ఉన్నదంతా, చెక్కుచెదరకుండా అక్కడే ఉన్నా, చదవరాదు. మరమ్మతు చేస్తే మొదటి కొద్ది పేజీలు వచ్చాయి. మిగతాది ఉండీ లేనట్టే. తాళపత్ర గ్రంథంలో ఒక ఆకు చెదలు తింటే ఆ ఆకే పోతుంది, దాని వెనకాలి ఆకులు చదువుకోవచ్చు. మనం చోటు మిగుల్చుకోవడానికి చేసిన ఏర్పాటు పోగొట్టుకోవడాన్ని పెద్దది చేసింది. ఆ రోజు నుంచి నేను ముఖ్యమైన రాత ఏదైనా సాదా టెక్స్ట్ ఫైలుగా కూడా ఉంచమని అందరికీ చెబుతున్నాను. దానికి అందమేమీ ఉండదు, చిల్లు పడితే చిల్లు పడినంతే పోతుంది.

సాదా ఫైలు విలువ ఇంకో రకంగా కూడా తెలిసింది. పాత డిస్కులో లిబ్రేఆఫీస్ సెట్టింగుల ఫోల్డర్ వెతుకుతుంటే, వాడేవాళ్ళు తమంతట తాము చేర్చుకున్న మాటల నిఘంటువు దొరికింది. స్పెల్‌చెక్ తనకు తెలియని మాట కింద ఎర్ర గీత గీస్తుంది కదా. కుడి బటన్ నొక్కి 'నిఘంటువుకు చేర్చు' అంటే ఆ మాట వెళ్ళి ఈ ఫైలులో చేరుతుంది. బాపు ఓపికగా ప్రతి ఎర్ర గీతకూ ఆ పని చేశాడు. వరుసకొక్క మాట చొప్పున, ఆయన రాతలోని ఏ మాట కంప్యూటర్‌కు తెలియదో ఆ మాటలన్నీ అక్కడున్నాయి. శిఖం, మత్తడి, నీరటి, తైబందీ, ఆబి, తాబి, పాటుకాలువ, గొలుసుకట్టు, దశబంధం. నడుమ నడుమ కుంటల పేర్లు, ఊళ్ళ పేర్లు, మనుషుల పేర్లు. అంతా కలిపి కొన్ని కిలోబైట్లు. పుస్తకం పోయి, దాని వెనక ఉండాల్సిన పదాల పట్టిక మాత్రం మిగిలినట్టుంది. బాపు కాగితం మీద ప్రింటు తీయించుకుని, పెన్సిల్‌తో కొన్ని పేర్ల పక్కన టిక్కులు పెట్టుకున్నాడు. ఆ పేర్ల గురించి ఏం రాశాడో ఆయనకు గుర్తుంది.

"మరి ఎవరికైనా పంపినవి ఉన్నయా బాపూ?" అని అడిగాను.

పంపాడు. ఒక చెరువు గురించి రాయడం కాగానే, ఆ ముక్క కాపీ చేసి వాట్సాప్‌లో పంపడం ఆయనకు అలవాటు. భివండిలో మరమగ్గాల పనికి పోయి అక్కడే స్థిరపడిన చిన్నబాపుకు కొన్ని, ఊరి గ్రూపులో కొన్ని, తనతో కలిసి పనిచేసిన ఓవర్సీర్ గారికి కొన్ని, డాలస్‌లో ఉన్న మా మేనత్త కూతురికి కొన్ని. ఎవరికి ఏ చెరువుతో బంధముంటే వాళ్ళకు ఆ చెరువు. అందరికీ ఫోన్లు చేశాం. చిన్నబాపు ఒక్కటి కూడా చెరపలేదు, పాత ఫోన్ నుంచి కొత్త ఫోన్‌కు కూడా మార్చుకున్నాడు. మేనత్త కూతురు తనకొచ్చినవన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టుకుని, పిల్లలకు చదివి వినిపిస్తోందట.

పెద్ద ముక్క ఇంకో చోట దొరికింది. ఊరి బడి స్వర్ణోత్సవ సంచికకు బాపు ఒక పొడుగాటి వ్యాసం ఇచ్చాడు. దాన్ని కంపోజ్ చేసిన డీటీపీ ఆయన పేజ్‌మేకర్ ఫైలు దాచాడు. తెరిస్తే ఇంగ్లిషు అక్షరాలూ విరామ చిహ్నాలూ కలగలిసిన గజిబిజి. అది అను ఫాంట్‌లో ఉంది. యూనికోడ్ వాడుకలోకి రాకముందు మన తెలుగంతా ఇలాగే కంప్యూటర్‌లోకి ఎక్కింది: లోపల ఉండేది ఇంగ్లిషు కోడ్, పైన తెలుగు ఆకారం. ఫాంట్ లేకపోతే ఆకారం జారిపోయి గజిబిజి బయటపడుతుంది. యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు, అక్కడ 'క' అంటే ఏ ఫాంట్‌లోనైనా 'క'నే. మార్పిడి చేసే ప్రోగ్రామ్ ద్వారా ఆ వ్యాసాన్ని యూనికోడ్‌లోకి తెచ్చాను. గుణింతాలు, వత్తులు విడివిడి ముక్కలుగా ఉన్నవాటిని సరైన వరుసలో కూర్చాలి కాబట్టి అక్కడక్కడ మాటలు చెదిరాయి. అవి బాపు దిద్దాడు. ఇలా చెదిరిపోయే స్థితిలో ఉన్న తెలుగు మన డీటీపీ షాపుల డిస్కులలో ఎంత ఉందో తలచుకుంటే నాకు గుబులుగా ఉంటుంది. పత్రికలు, సావనీర్లు, పెళ్ళి పుస్తకాలు, ఎవరి ఖర్చుతోనో వేసుకున్న కవిత్వం. అవి కంపోజ్ చేసిన మనుషులు ఉన్నప్పుడే వాటిని యూనికోడ్‌లోకి తెచ్చుకోవాలి.

ముక్కలన్నీ ఒకచోట పెట్టాక ఏం దక్కిందో, ఏం పోయిందో తేలింది. ఎవరికో ఒకరికి పంపినది ప్రతిదీ దక్కింది. ఇంకా పూర్తి కాలేదని, బాగా కుదిరాక చూపిద్దామని దాచుకున్నది పోయింది. అన్నిటికంటే ఇష్టంగా రాసుకుంటూ వచ్చిన భాగం అదే: పై కుంట మత్తడి నీరు కింది చెరువుకు, దాని మత్తడి ఆ కిందిదానికి, అలా మా ప్రాంతపు గొలుసుకట్టు చెరువులన్నీ ఒకదానికొకటి ఎలా కలిసి ఉన్నాయో చెప్పే అధ్యాయం. లోపాలు సవరించాలని పట్టుదలగా తన దగ్గరే పెట్టుకున్నాడు. దానికి ఒకే ఒక్క ప్రతి.

వేటూరి ప్రభాకరశాస్త్రి గారు 1918లో 'ప్రబంధరత్నావళి' అని ఒక పుస్తకం వేశారు. పేరుకు తగ్గట్టు పద్యాల సంకలనమే. కానీ అందులోని చాలా పద్యాల అసలు కావ్యాలు దొరకవు. పూర్వం ఎవరో ఒక రసికుడు తనకు నచ్చిన పద్యాలు ఏరి ఒకచోట రాసుకుంటే, కావ్యం మాయమైపోయి ఆ ఏరిన పద్యాలు మిగిలాయి. పెదపాటి జగ్గన లాంటివాళ్ళు అలా ఏరి పెట్టకపోతే కొందరు కవుల పేర్లు కూడా మనకు తెలిసేవి కావు. నన్నెచోడుడి కుమారసంభవం తంజావూరులో మానవల్లి రామకృష్ణకవి కంటపడి 1909లో అచ్చయ్యేదాకా లోకం దాన్ని మరిచిపోయే ఉంది. మన సాహిత్య చరిత్రలో దక్కినదానికీ పోయినదానికీ తేడా చాలాసార్లు గొప్పతనంలో లేదు. ఎవరికైనా నచ్చి, నకలు చేసుకున్నారా లేదా, అంతే. తాటాకు ఆయుష్షు కొద్ది శతాబ్దాలు. హార్డ్ డిస్కుది కొద్ది ఏళ్ళు. ఏ వస్తువునూ నమ్మడానికి లేదు, రాసినదాన్ని మోసుకుపోయేది చదివిన మనుషులే.

బ్యాకప్ వద్దని అనడం లేదు. మూడు ప్రతులు ఉండాలి, రెండు రకాల సాధనాల మీద ఉండాలి, ఒకటి వేరే ఊళ్ళో ఉండాలి అనే నియమం మంచిది. బాపుకు ఇప్పుడు ఆ ఏర్పాటు చేసి పెట్టాను. అయినా బ్యాకప్ డిస్కు మీది ప్రతి తిరిగి మాట్లాడదు. భివండిలో ఉన్న ప్రతి మాట్లాడుతుంది. ఈ తేడాను నేను పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు, ఆ ముక్కలను కలపడానికి బాపు పక్కన కూర్చున్నప్పుడు చూశాను.

ఒకే చెరువు గురించి మూడు చోట్ల నుంచి మూడు రకాల రాత వచ్చింది. వాట్సాప్‌లో ముందు పంపినది ఒకటి, తర్వాత దిద్ది పంపినది ఒకటి, సంచికకు ఇచ్చినది ఒకటి. ఒకదాంట్లో రెండు తూములు, ఒకదాంట్లో మూడు. ఒకదాంట్లో నీరటి పేరు ఉంది, ఒకదాంట్లో ఇంటిపేరే ఉంది. సి.పి. బ్రౌన్ కడప బంగళాలో పండితులకు జీతాలిచ్చి ఇదే పని చేయించాడు. ఒక గ్రంథానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి, పాఠాలు సరిచూసి, శుద్ధప్రతి రాయించాడు. మేం తెర మీద మూడు కిటికీలు పక్కపక్కన తెరుచుకున్నాం. ఏది చివరిదో బాపు గుర్తు చేసుకుని చెబితే నేను కొత్త ఫైలులో పెట్టాను. సందేహం వచ్చినచోట ఓవర్సీర్ గారికి ఫోన్ చేసి అడిగాడు. ఆయన కట్ట మీద నడుస్తున్నట్టే ఒక్కో తూమూ లెక్కపెట్టి చెప్పాడు.

పోయిన అధ్యాయం గురించి బాపు పెద్దగా ఏమీ అనలేదు. "దొరికినకాడికి దొరికింది. లేనిది మళ్ళ రాస్త" అన్నాడు. నిఘంటువు ప్రింటు పక్కన పెట్టుకుని, ఎగువ కుంట దగ్గర మొదలుపెట్టాడు. ఈసారి పూర్తయ్యేదాకా ఆగలేదు. మొదటి పేరా రాయగానే చిన్నబాపుకు పంపాడు.

తెల్లారి భివండి నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనకాల మగ్గాల చప్పుడు. "అన్నా, ఊరకుంట మత్తడి నీళ్ళు పెద్దచెరువుల పడయి. వాగుల పడ్తయి. చిన్నప్పుడు నేను ఆడనే చేపలు పట్టిన" అన్నాడు. బాపు వెంటనే ఫోన్ చేసి, తాను సర్వేకు పోయినప్పుడు కాలువ పెద్దచెరువుకే ఉందని వాదించాడు. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకుని, చిన్నబాపు చెప్పేది కాలువ తవ్వకముందు సంగతై ఉంటుందని, ఊళ్ళో ఇంకొకరిని అడగాలని అనుకున్నారు. ఫోన్ పెట్టేసి బాపు ఫైలు తెరిచి, రెండు మాటలూ రాసి, ఏది ఎవరు చెప్పారో పక్కన పేర్లు పెట్టి, ఆ పేరాను ఊరి గ్రూపుకు పంపాడు.